అత్తయ్య తడిమిన తీగలు

మా అత్తయ్యకి కళ్ళ మీద నమ్మకం లేదు. కళ్ళు ఎవరేం చెప్పినా వినేస్తాయంటుంది. దీపం మారిస్తే రంగు మారిపోతుంది, ఇస్త్రీ చేస్తే గరుకు బట్ట కూడా పెద్దమనిషిలా కనిపిస్తుంది, చెయ్యి మాత్రం ఎవరి మాటా వినదని ఆవిడ వాదన. ఆవిడ బట్టల మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. తయారై వచ్చిన ప్రతి తానునీ చేత్తో తడిమి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం, దీన్ని వెనక్కి పంపండి అని తేల్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం. అలా కూర్చుని తడిమే కుర్చీని మిల్లులో అందరూ చేతి కుర్చీ అంటారు. ఆవిడ దిగిపోయాక అందులో నేను కూర్చున్నాను. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, వంటింటి గుడ్డ దగ్గర్నుంచి కిటికీ తెర దాకా కళ్ళు మూయించి తడిమించి, ఆ పని నాకు నేర్పింది ఆవిడే. పదహారేళ్ళుగా అదే నా ఉద్యోగం.

నలభై మూడో ఏట నాకు బేస్ గిటార్ పట్టింది. జలుబు పట్టినట్టే పట్టింది, అడక్కుండా. మా మరిది డ్రమ్స్ వాయిస్తాడు. మిల్లులో బాయిలర్ ఆపరేటర్ పాడతాడు, గొంతు కూడా బాయిలర్ దగ్గర అరువు తెచ్చుకున్నదే. వాళ్ళతో బేస్ వాయించే అతను బదిలీ అయి వెళ్ళిపోతూ తన గిటార్‌ని మా ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. నాలుగు లావుపాటి తీగలు, ఎత్తబోతే భుజం లాగేసేంత బరువు. ఒకరోజు దుమ్ము తుడుద్దామని పట్టుకుని, ఊరికే ఒక తీగ మీటాను. అది వెళ్ళి నా పక్కటెముకల్లో మోగింది. దుమ్ము సంగతి మళ్ళీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఏడాదిన్నర బాగానే గడిచింది. కిందటి నెల మిల్లుకి ఒక ఉత్తరం వచ్చింది. మేము పంపిన తానుతో ఏదో హోటల్ వాళ్ళు దిండు గలీబులు కుట్టించుకున్నారట. వాటి మీద పడుకుని లేచిన ఒక పెద్దమనిషి, తనకి పొద్దున్నే గడ్డం గీసుకునే శ్రమ తప్పిందని, అందుకు మిల్లు వారికి కృతజ్ఞతలని రాశాడు. చూస్తే, బట్టను మెత్తబరిచే మందు ఆ తాను మధ్యలో నలభై మీటర్ల మేర పట్టనే లేదు. అట్టముక్కలా ఉంది. దాని మీద మొదటి రకం అని ముద్ర వేసింది సాక్షాత్తూ నేనే.

మా సూపర్‌వైజర్ గారు అరిచే మనిషి కాదు, అదే ఆయనతో వచ్చిన ఇబ్బంది. మెల్లగా చెప్పారు. "వచ్చే శుక్రవారం పన్నెండు ముక్కలు పెడతానమ్మా. కళ్ళకి గంతలు కట్టుకుని చెప్పాలి. ఒక్కటి తప్పినా మిమ్మల్ని ప్యాకింగ్‌కి పంపక తప్పదు."

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య నా ఎడం చెయ్యి లాక్కుని వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ నొక్కి చూసింది.

"ఇవి వేళ్ళా, చెప్పు అడుగులా?" అంది.

తర్వాత నేరుగా గిటార్ దగ్గరికి వెళ్ళి తీగ మీద బొటనవేలు నడిపించింది. మామూలు బేస్ తీగ మీద సన్నటి గుండ్రటి తీగని దగ్గరదగ్గరగా చుట్టి ఉంటారు. వేలు జరిపితే చుట్టు చుట్టుకీ గీరుకుంటుంది, కీచుమని చప్పుడు కూడా వస్తుంది. "ఇది ఆకురాయి. రోజూ రెండు గంటలు ఆకురాయి మీద వేళ్ళు అరగదీసుకుంటే, పొద్దున బట్ట పట్టుకున్నప్పుడు ఏం తెలుస్తుంది నీ మొహం!"

నిజం చెప్పొద్దూ, తిట్టినందుకు ఉడుక్కోవలసింది పోయి నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు తీగలది. నాది కాదు. ఎంత బాగుందో ఆ మాట!

"కొన్నాళ్ళు ఆ గిటార్ పక్కన పెట్టెయ్యరాదూ," అన్నాడు మా ఆయన. ఆయన ఉద్దేశం మంచిదే. ఆయన ఉద్దేశాలన్నీ మంచివే, అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఒంటికాలి మీద లేచాను. అప్పుడు మా మరిది మధ్యలో దూరి, "వదినా, ఫ్లాట్‌వౌండ్ తీగలని ఉంటాయి. గుండ్రటి తీగ బదులు చదునైన రేకు లాంటిది చుడతారు. నున్నగా ఉంటాయి. వేళ్ళు గీరుకోవు," అన్నాడు.

"నున్నగా ఉంటాయో లేదో నేను చెప్తాను," అంది అత్తయ్య అప్పటికే చెప్పులు వెతుక్కుంటూ. "నువ్వు ఒక్కదానివే వెళ్తే వాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకుంటావు."

ఆ విధంగా మంగళవారం సాయంత్రం అత్తాకోడళ్ళం ఇద్దరం గిటార్ తీగలు కొనడానికి బయల్దేరాం.

దుకాణం సందులో, నాలుగు మెట్లు దిగితే వస్తుంది. గోడల నిండా గిటార్లు మెడలు పట్టి వేలాడదీసి ఉన్నాయి. లోపలంతా జిగురు వాసన. దుకాణదారు చెవి మీద పెన్సిల్, మెడలో భూతద్దం వేసుకుని ఏదో గిటార్ కడుపులో తల పెట్టి ఉన్నాడు. మమ్మల్ని చూసి, పొరపాటున వచ్చారేమో, పైన ఉన్నది మందుల షాపు అన్నట్టు మెట్ల వైపు చూపించబోయాడు.

"బేస్‌కి ఫ్లాట్‌వౌండ్ కావాలి," అన్నాను.

అతని మొహం వెలిగింది. "ఏ రకం పాటలు వాయిస్తారు మేడమ్?"

"మా బాయిలర్ ఆపరేటర్ ఏది పాడితే అది."

అతను ఇక మొదలుపెట్టాడు. ఫ్లాట్‌వౌండ్‌లో మెరుపు ఉండదట, మెత్తగా మూసుకున్నట్టు పలుకుతుందట. "ఒక్కమాటలో చెప్పాలంటే, స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది మేడమ్."

"ఏ దుప్పటి?" అంది అత్తయ్య.

"అంటే... ఊరికే, మాటవరసకి, అమ్మా."

"నూలుదా, ఉన్నిదా? ఉతికిందా, కొత్తదా? దుప్పటి అంటే సరిపోతుందా బాబూ?"

పాపం, ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటకి ఎవరూ ఆ ప్రశ్న వేసి ఉండరు. ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. అన్నీ అంటించి ఉన్నాయి. విప్పడానికి వీల్లేదన్నాడు.

"ముట్టుకోకుండా ఎలా కొంటారు? చెప్పులు కూడా తొడుక్కుని నాలుగడుగులు వేసి చూస్తాం," అంది అత్తయ్య. ఆవిడ గొంతు పెంచదు. పెంచకుండానే మిల్లులో మేనేజర్లని లేచి నిలబెట్టిన గొంతు అది. రెండు నిమిషాల్లో అతను సొరుగులోంచి జోడు తప్పిన విడి తీగలన్నీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. తీగ ఒక కొస నన్ను పట్టుకోమని, రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా ఇటు చివర నుంచి అటు చివర దాకా లాగింది. మొదటిది మామూలు తీగ. "ఇది మన ఇంట్లో ఉన్న ఆకురాయే." రెండోదాని మీద నల్లటి నైలాన్ పట్టీ చుట్టి ఉంది. "గొడుగు గుడ్డ. వానకి బాగుంటుంది." మూడోది ఉక్కు ఫ్లాట్‌వౌండ్. దాన్ని రెండుసార్లు లాగింది. "కోటు లోపల వేసే అస్తరు. జారడానికి జారుతుంది, చల్లగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు."

నాలుగోది నికెల్ ఫ్లాట్‌వౌండ్. ఆవిడ వేళ్ళు మధ్యలో ఆగాయి. మళ్ళీ మొదటి నుంచీ లాగింది. కళ్ళు తెరవకుండానే అంది. "బాగా ఉతికిన నూలు దుప్పటి."

దుకాణదారు నావైపు చూశాడు. "అది పొగడ్తేనా మేడమ్?"

"అంతకంటే పెద్దది ఆవిడ దగ్గర లేదు," అన్నాను.

తీగ చివర ఎర్ర దారం చుట్టి ఉంది. అది పట్టు దారమని అతను గర్వంగా చెప్పాడు. అత్తయ్య గోటితో ఒకసారి గీసి, "పట్టు కాదు బాబూ, మెరుస్తోందంతే. కానీ చుట్టినవాళ్ళు శ్రద్ధగా చుట్టారు," అంది. అతను గబగబా ప్యాకెట్ తిప్పి అటూ ఇటూ చదివాడు. పట్టు అని ఎక్కడా లేదు.

ఆ రకం తీగలే ఉన్న ఒక బేస్‌ని గోడ మీంచి దించి, స్పీకర్‌కి తగిలించి నా ఒళ్ళో పెట్టాడు. వాయించాను. ముందు నాకు వినపడింది కీచు లేకపోవడం. వేలు జరిపితే చప్పుడే లేదు, స్వరం ఒక్కటే ఉంది. గుండ్రంగా, లోతుగా పుట్టి, తన పని చూసుకుని వెళ్ళిపోయింది. నాకు కళ్ళు చెమర్చాయి. తీగలు కొనడానికి వచ్చి దుకాణంలో ఏడవడం ఏమిటని పక్కకి తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

"ఇవే కావాలి," అన్నాను.

అతను కొత్త ప్యాకెట్ తీసి ఇచ్చి జాగ్రత్తలు చెప్పాడు. వీటి బిగువు ఎక్కువట, గిటార్ మెడ కాస్త వంగితే తీసుకురమ్మన్నాడు, సరిచేస్తానన్నాడు. తీగ ఎక్కించేటప్పుడు ముందు వంచి తర్వాతే కత్తిరించాలట. తిన్నగా ఉన్నప్పుడు కత్తిరిస్తే లోపలి చుట్టు వదులైపోయి తీగ పాడవుతుందట. అత్తయ్య శ్రద్ధగా వింది. కొన్నాక ఇక విప్పడానికి అడ్డేముంది, ప్యాకెట్ అక్కడే విప్పించి నాలుగు తీగలూ వరసగా తడిమింది. బాగున్నాయంది. అలవాటు కొద్దీ నేనూ తడిమాను.

మూడో తీగ మధ్యలో నా వేలు ఆగింది.

"ఇక్కడ అంచు లేచింది," అన్నాను.

అత్తయ్య అదే చోట తడిమింది. "ఏమీ లేదే."

"ఉంది. రేకు పక్క చుట్టు మీదకి ఎక్కింది. వెంట్రుకవాసి అంత."

దుకాణదారు ఓపిగ్గా నవ్వి, భూతద్దం పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు. "ఉంది మేడమ్," అని కొత్త ప్యాకెట్ కోసం లోపలికి వెళ్ళాడు.

నేను గొప్పగా అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ నన్ను చూడటం లేదు. తీగ మీద ఇంకా అలాగే ఉన్న నా వేలిని చూస్తోంది. చెప్పు అడుగు అన్న వేలు.

"నాకు దొరకనిది నీకు దొరికింది," అంది. "నీ వేళ్ళకి ఏ రోగమూ లేదు. మరి ఆ తాను ఎలా వదిలావు?"

దుకాణదారు ప్యాకెట్ తెచ్చి, మా మొహాలు చూసి, బల్ల మీద పెట్టేసి మళ్ళీ గిటార్ కడుపులో తల దూర్చాడు.

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. నాలుగు స్టాపులు దాటినా మాట లేదు. అత్తయ్య తిడితే నాకు లెక్కలేదు, రెండు తిట్లకి నేను నాలుగు తిరిగి అప్పజెప్పగలను. ఊరుకుంటేనే నాకు ఊపిరాడదు. ఐదో స్టాపు దగ్గర చెప్పేశాను.

"ఆ తాను నా చేతి కింద నడుస్తున్నప్పుడు నేను అక్కడ లేనత్తయ్యా. కొత్త పాటలో రెండో చరణం దగ్గర బేస్ ఎలా దిగాలో తేలక మూడు రోజులుగా నలుగుతున్నాను. ఆ నలభై మీటర్లలోనే తేలింది. బల్ల కింద కాలు తాళం వేస్తోంది. చేతులు బట్ట మీదే ఉన్నాయి గానీ, వాటిని అడిగినవాళ్ళు ఎవరూ లేరు."

"ఒక్క తానేనా?"

"దొరికింది ఒక్కటి. ఏడాదిగా నా బుద్ధి ఆ బల్ల దగ్గర నిలవడం లేదు. ఆ పని మీద నాకు ఇష్టం పోయింది." అనేశాక నాకే భయమేసింది. ఆ మాట నాకు నేను కూడా అంతకు ముందెప్పుడూ చెప్పుకోలేదు.

ఆవిడ దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోకుండా కడ్డీ పట్టుకుని దిగింది.

బుధవారం మాటల్లేవు. మా ఆయన మా ఇద్దరి మధ్యా తిరుగుతూ, ఎవరికి ఏం చెప్పాలో తెలియక ఎండ బాగుందని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి, మంచం మీద గిటార్ పడుకోబెట్టి తీగలు మార్చడానికి కూర్చున్నాను. పాతవి విప్పుతుంటే తేలిగ్గానే ఉంది గానీ మనసులో ఇంకో లెక్క నడుస్తోంది. ప్యాకింగ్ అంటే మూడింటికి ఇంటికి రావచ్చు. మడతపెట్టు, పెట్టెలో పెట్టు, చీటీ అంటించు. చేతులు వాటంతటవి పనిచేసుకుంటాయి, తల నాది. రేపు పన్నెండులో ఒక రెండు ముక్కలు తప్పు చెబితే చాలు. ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేదు. వేళ్ళు మొద్దుబారాయి పాపం అనుకుంటారు.

మొదటి తీగ వంచి కత్తిరిస్తుండగా అత్తయ్య గుమ్మంలో నిలబడింది.

"రేపు కావాలనే తప్పు చెబుదామనుకుంటున్నావు కదూ?"

నా చేతిలోంచి కటింగ్ ప్లేయర్ జారి మంచం మీద పడింది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉంటే బుర్రకి తలుపులుండవు.

"అలా చేశావో, నేను నీతో జన్మలో మాట్లాడను," అంది. "నా చేతి కింద తయారైన మనిషి చేతకాక దిగిపోయిందని వాళ్ళు అనుకోవడానికి వీల్లేదు. పన్నెండుకి పన్నెండూ చెప్పు. చెప్పి, ఆ కుర్చీ నాకొద్దని వాళ్ళ మొహం మీద చెప్పు. వద్దనుకున్న దాన్ని వద్దని చెప్పడానికి నీకు వేళ్ళ రోగం ఎందుకు?"

ఆవిడ వెళ్ళిపోయింది. నేను మిగతా మూడు తీగలూ ఎక్కించాను. అప్పుడే ఇంకొకటి కూడా తెలిసింది. వేళ్ళ కోసం ఈ తీగలు నాకు అక్కర్లేదు. వేళ్ళు బాగానే ఉన్నాయి. అయినా వీటిని వెనక్కివ్వాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. మందు అనుకుని కొనుక్కున్నాను గానీ, తీరా చూస్తే అవి నాకు ఇష్టమై కొనుక్కున్న తీగలు.

శుక్రవారం అత్తయ్య నాతో మిల్లుకి వచ్చింది. కాపలాదారు నుంచి రంగుల అద్దకం వాళ్ళ దాకా ఆవిడ చుట్టూ మూగారు. సూపర్‌వైజర్ గారు ఆవిడని కూర్చోబెట్టి నా కళ్ళకి గంతలు కట్టారు.

ఆ పన్నెండు ముక్కల మీద నేను పెట్టినంత బుద్ధి నా జీవితంలో దేని మీదా పెట్టలేదు. మూడోదానిలో దారం లావుగా ఉందన్నాను. ఏడోది మందు ఎక్కువ తాగిందన్నాను. పదకొండోది చేతిలో పెట్టగానే నవ్వొచ్చింది. "ఇది ఇందాక నాలుగోదిగా ఇచ్చిన ముక్కే. ఈసారి తిరగేసి ఇచ్చారు."

గంతలు విప్పేసరికి సూపర్‌వైజర్ గారు చప్పట్లు కొడుతున్నారు. "పన్నెండుకి పన్నెండు! ఆ తాను ఏదో గ్రహపాటు. కుర్చీ మీదేనమ్మా, ఇంకెవరికిస్తాం?"

"నాకు వద్దండీ," అన్నాను.

ముక్కలు తడమడం తేలిక. ఆ రెండు మాటలకీ చెమట కారి నా మెడ తడిసింది. ప్యాకింగ్‌కి వెళ్తానని, చేతకాక కాదని, ఆ పని మీద మనసు లేదని, మనసు లేకుండా కూర్చుంటే ఇంకో తాను పోతుందని ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన నావైపు, అత్తయ్య వైపు చూశారు. ఎప్పుడూ అరవని మనిషి మొహం ఎర్రబడింది. "అంత తేలిగ్గా వద్దంటున్నారే! మీకు ఈ కుర్చీ రావడం కోసం మీ అత్తగారు నాలుగేళ్ళ సర్వీసు ఉండగానే రాజీనామా రాసిచ్చి వెళ్ళిపోయారు. అప్పుడు నేను ఇక్కడే గుమాస్తాని. ఆ కాగితం నా చేతులతో తీసుకున్నాను. వెళ్ళేటప్పుడు ఆ బల్ల పట్టుకుని ఎంత ఏడ్చారో మీకు తెలుసా?"

నాకు తెలియదు. వయసు వచ్చి రిటైరయిందనే అనుకున్నాను. పదహారేళ్ళు అలాగే అనుకున్నాను. ఆ క్షణంలో ఎవరైనా ఊఁ అంటే ఆ కుర్చీలో కూర్చుని చచ్చేదాకా లేచేదాన్ని కాదు.

"ఆ మాట నువ్వు దానికి చెప్పకూడదు," అంది అత్తయ్య. సూపర్‌వైజర్ గారిని ఆ మిల్లులో నువ్వు అనగలిగేది ఆవిడ ఒక్కతే. "నేను ఇచ్చాను. ఇచ్చేశాక అది దానిది. కూర్చుంటుందో, లేస్తుందో దాని ఇష్టం. కొత్తవాళ్ళని ఎవరినైనా చూడు. నేర్పడానికి నేను వస్తాను."

ఆయన కాగితం తెచ్చారు. నేను సంతకం పెట్టాను.

బయటికొచ్చాక గేటు దాటేదాకా ఆవిడ బాగానే నడిచింది. బస్సు స్టాపు బల్ల మీద కూర్చుని ఏడ్చింది. "బాధగా ఉందే," అంది. "నన్ను ఓదార్చకు. కాసేపు ఉండనీ."

ఉండనిచ్చాను. తర్వాత అడగకుండా ఉండలేకపోయాను. "నాలుగేళ్ళు ముందే దిగిపోయానని నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, వస్తున్న బస్సు మనదేనా అని చూస్తూ అంది. "చెప్పి ఉంటే, ఇవాళ నువ్వు వద్దనగలిగేదానివా?"